మెడ ధమని గోడకు ఎంఆర్ఐ: చిన్న సెంటర్‌లో ఎలా చేయాలి

"కెరోటిడ్ వాల్ ఇమేజింగ్ అని రాసి పంపారన్నా, మన మిషన్‌లో వస్తుందా? ఏ సీక్వెన్స్ వెయ్యాలి?" నెల్లూరు, కావలి, ఒంగోలు సెంటర్లలో పనిచేసే టెక్నీషియన్లు ఎక్కువగా అడిగేది ఇదే. వస్తుంది. 3 టెస్లా అయితే పని సుఖం. 1.5 టెస్లా అయినా, తల-మెడ కాయిల్ (సిగ్నల్ పట్టుకునే తొడుగు) తప్ప వేరే కాయిల్ లేకపోయినా, డాక్టరుకు పనికొచ్చే బొమ్మలు తీయొచ్చు. మిషన్ పాతదైనందుకు పాడైన స్టడీల కంటే గుటక వల్ల, తాళిబొట్టుకున్న పిన్నీసు వల్ల, రక్తం సరిగ్గా నల్లబడకపోవడం వల్ల పాడైన స్టడీలే ఎక్కువ. అందుకే సీక్వెన్స్ (మిషన్ బొమ్మ తీసే పద్ధతి) నంబర్ల కంటే ఈ సంగతుల మీదే ఎక్కువ రాస్తున్నాను.

సిద్ధాంతం రెండు ముక్కల్లో చెప్పేస్తాను. డాప్లర్, సీటీ యాంజియో ప్రధానంగా చూపేది రక్తం పోయే దారి ఎంత ఇరుకైందో. కానీ గోడలో కొవ్వు పేరుకునేటప్పుడు ధమని మొదట బయటి వైపుకు పెరుగుతుంది. లోపలి దారి చాలాకాలం తగ్గదు. గుండె ధమనుల్లో ఈ సంగతిని 1987లో గ్లాగోవ్ బృందం చూపించింది. కాబట్టి "40 శాతమే బ్లాక్" అని రిపోర్టు వచ్చిన మనిషికి కూడా ఆ మచ్చ (ప్లాక్, అంటే గోడలో పేరుకున్నది) చిట్లి పక్షవాతం రావచ్చు. గోడ లోపల ఉన్నది కొవ్వు గుజ్జా, రక్తస్రావమా, సున్నమా, పైపొర చిరిగిందా అన్నదే డాక్టరు మనల్ని అడుగుతున్నది. ఆరోగ్యంగా ఉన్న గోడ మందం 1 మి.మీ. లోపే. అంత సన్నని దాన్ని చూడాలంటే పక్కన పారే రక్తం నల్లగా ఉండాలి, మనిషి కదలకూడదు.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

- కాయిల్: కెరోటిడ్ సర్ఫేస్ కాయిల్ ఉంటే అదే వాడండి. లేకపోతే తల-మెడ కాయిల్. మెడకు చుట్టగలిగే చిన్న ఫ్లెక్స్ కాయిల్ ఉంటే దాన్ని కూడా ఒకసారి ప్రయత్నించి చూడండి.
- వేలికి పెట్టే పల్స్ సెన్సార్ లేదా ఈసీజీ లీడ్స్. 2డీ డబుల్ ఐఆర్ (రెండు ఇన్వర్షన్ పల్సులతో రక్తాన్ని నల్లబరిచే పద్ధతి) వేసేవాళ్లకే ఇవి అవసరం.
- బ్లాక్ బ్లడ్ సీక్వెన్స్, అంటే పారే రక్తాన్ని నల్లగా చూపేది. 3డీలో దీన్ని సీమెన్స్‌వాళ్లు స్పేస్ అంటారు, జీఈవాళ్లు క్యూబ్ అంటారు, ఫిలిప్స్‌వాళ్లు విస్టా అంటారు. మీ మిషన్‌లో మోకాలికో వెన్నుకో వాడుతున్న 3డీ టీఎస్ఈ (టర్బో స్పిన్ ఎకో) ఉంటే దాన్నే మెడకు మార్చుకోవచ్చు.
- మెడకు రెండు పక్కలా పెట్టే స్పాంజ్ ముక్కలు, మోకాళ్ల కింద దిండు.
- కాంట్రాస్ట్ అడిగారంటే తాజా క్రియాటినిన్ రిపోర్టు.
- 40 నిమిషాల స్లాట్. ఓపీ రద్దీగా ఉండే ఉదయం పూట ఈ కేసు పెట్టుకోకండి. బయట పది మంది కూర్చుని ఉంటే చెడిపోయిన సిరీస్‌ను మళ్లీ తీసే ఓపిక ఎవరికీ ఉండదు.

1. చీటీ చదవండి, అవసరమైతే ఫోన్ చేయండి

"ఎంఆర్ఐ నెక్" అని మాత్రమే రాసి ఉంటే పేషెంట్‌ను లోపలికి పిలవకముందే డాక్టరుకు ఫోన్ చేయండి. నాలుగు విషయాలు అడగండి: ఏ పక్క ధమని, లక్షణాలు ఎప్పుడు మొదలయ్యాయి, డాప్లర్‌లో ఏం వచ్చింది, కాంట్రాస్ట్ కావాలా. కుడి చెయ్యి పడిపోయిందని రాసి ఉంటే అనుమానం సాధారణంగా ఎడమ కెరోటిడ్ మీద ఉంటుంది. చీటీలో పక్క తారుమారైనట్టు అనిపిస్తే ఇప్పుడే తేల్చుకోండి. మన స్లైసులన్నీ ఆ పక్క ధమని చీలే చోటును మధ్యలో పెట్టుకుని వేస్తాం, పక్క తప్పితే స్టడీ మొత్తం వృథా అవుతుంది.

2. లోహం తీయించండి, దీన్ని కాస్త నింపాదిగా

ఫారం నింపించి సంతకం పెట్టించుకుంటే సరిపోదు. పేస్‌మేకర్, మెదడులో క్లిప్, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్ గురించి నోటితో కూడా అడగండి. "గుండెకి ఏమన్నా మిషన్ పెట్టారా పెద్దాయనా?" అని మామూలు మాటల్లో అడిగితేనే సరైన జవాబు వస్తుంది. స్టెంట్ అంటే కార్డు తెప్పించుకుని మోడల్ చూడండి. కెరోటిడ్‌లోనే స్టెంట్ ఉంటే ఆ ముక్కలో గోడ కనపడదు. ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి.

చీమకుర్తి వైపు గ్రానైట్ క్వారీల్లో ఉలి పట్టినవాళ్లను, కృష్ణపట్నం వైపు వెల్డింగ్, గ్రైండింగ్ చేసేవాళ్లను "కంట్లో ఎప్పుడైనా ఇనుప రజను పడిందా, డాక్టరు చేత తీయించుకున్నారా?" అని తప్పకుండా అడగండి. పడిందంటే, లేదా పడిందేమో అన్న అనుమానం ఉందంటే, ముందు కంటి ఎక్స్‌రే తీయించండి. కంట్లో మిగిలిన ఇనుప ముక్క అయస్కాంతంలో కదిలితే చూపు పోవచ్చు. "ఏం కాదులే సార్" అన్నారని వదిలేయకండి.

ఇక తాళి. ఆడవాళ్లు తాళి తీయమంటే ఇబ్బంది పడతారు, అందులో తప్పేం లేదు. స్వచ్ఛమైన బంగారాన్ని అయస్కాంతం లాగదు కానీ, మనం తీసేది మెడనే. అక్కడ ఏ లోహం ఉన్నా కొవ్వు సిగ్నల్‌ను అణచడం కుదరదు, బొమ్మ వంకర పోతుంది. పైగా తాళి గొలుసుకు పిన్నీసులు గుచ్చుకునే అలవాటు ఉంది. ఒకటి తీసి ఇస్తారు, రెండోది నల్లపూసల మధ్య ఉండిపోతుంది. పసుపు తాడుకు పసుపు కొమ్ము కట్టి వెంట ఉన్న పెద్దావిడ చేతికి ఇవ్వండి, ఆమె మెడలో వేసి, ఆ తర్వాత గొలుసు తీస్తుంది. ఒక కట్ట పసుపు తాళ్లు, కొమ్ములు సెంటర్‌లో పెట్టుకుంటే సగం వాదన తగ్గుతుంది.

మగవాళ్ల మొలతాడుకున్న తాయెత్తు, రాగి కడియం, వెండి మెట్టెలు, ముక్కుపుడక, చెవి పోగులు, తీసి పెట్టుకునే పళ్ల సెట్టు, ఇవన్నీ బయటే. పళ్ల సెట్టును చాలామంది మర్చిపోతారు. అందులోని లోహం దవడ కింద పెద్ద నల్ల గుంతలాగా పడి, సరిగ్గా మనకు కావాల్సిన ధమని చీలికను మింగేస్తుంది.

3. గుటక గురించి చెప్పండి

మెడ స్కాన్‌లో బొమ్మను ఎక్కువగా చెరిపేది గుటకే. మింగినప్పుడు గొంతు పైకి లేచి దిగుతుంది, దానితోపాటు ధమని కూడా కదులుతుంది. స్కాన్ మధ్యలో నాలుగుసార్లు మింగితే సన్నని గోడ మసకబారిపోతుంది.

మాటలు ఇలా ఉంటే సరిపోతుంది: "పెద్దాయనా, లోపల టకటక సౌండ్ వస్తుంది. సౌండ్ వస్తున్నంతసేపు గుటక వెయ్యకండి, దగ్గు ఆపుకోండి. సౌండ్ ఆగినాక గుటక వేసుకోండి, తల మాత్రం కదపొద్దు. టెన్షన్ పడొద్దు, మధ్యమధ్యలో నేను మైకులో మాట్లాడతా." లోపలికి పంపేముందు ఒకసారి ప్రాక్టీస్ చేయించండి.

పొగాకు పండే మండలాల నుంచి వచ్చే పెద్దవాళ్లలో చుట్ట అలవాటున్నవాళ్లకు దగ్గు వదలదు. వక్కపొడి, గుట్కా నములుతూ వచ్చేవాళ్లకు లాలాజలం ఆగదు. నోరు బాగా పుక్కిలించి, పది నిమిషాలు కూర్చోబెట్టి, ఆ తర్వాత బల్ల ఎక్కించండి. దగ్గు విపరీతంగా ఉంటే ఆ రోజు చేయకండి, డాక్టరుతో మాట్లాడి వేరే రోజుకు మార్చండి.

4. పడుకోబెట్టడం

వెల్లకిలా, గడ్డం కాస్త పైకి, తల నిటారుగా. మోకాళ్ల కింద దిండు పెడితే నడుము నొప్పి తగ్గి ఎక్కువసేపు కదలకుండా ఉంటారు. ముఖ్యంగా కనిగిరి, పొదిలి, దర్శి, మార్కాపురం వైపు నుంచి వచ్చే పెద్దవాళ్ల సంగతి చూసుకోండి. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. నీళ్లలోని ఫ్లోరైడ్‌తో మెడ, వెన్ను బిగిసిపోయినవాళ్లు ఇప్పటికీ వస్తూనే ఉంటారు. వాళ్ల మెడను కాయిల్‌లో ఇమడాలని బలవంతంగా వంచకండి. తల కింద పల్చటి స్పాంజ్ వేసి వాళ్లకు ఎలా హాయిగా ఉంటే అలా పడుకోబెట్టండి, స్లైస్ కోణాన్నే దానికి తగ్గట్టు మార్చుకోండి. నొప్పితో పడుకున్న మనిషి ఐదో నిమిషంలో తప్పకుండా కదులుతాడు.

కెరోటిడ్ కాయిల్ అయితే దాని మధ్య భాగం దవడ మూలకు కాస్త కిందికి రావాలి. ధమని సాధారణంగా చీలేది మూడు, నాలుగు మెడపూసల ఎత్తులో, అంటే థైరాయిడ్ మృదులాస్థి పై అంచు దగ్గర. సర్ఫేస్ కాయిల్ చర్మానికి దగ్గరగా ఉన్నంతవరకే బాగా పట్టుకుంటుంది. మెడ లావుగా ఉన్నవాళ్లకు ధమని లోతుగా ఉంటుంది, అలాంటప్పుడు తల-మెడ కాయిల్‌తోనే మంచి బొమ్మ రావచ్చు.

5. లోకలైజర్, ఆ తర్వాత టీఓఎఫ్

లోకలైజర్ (స్లైసులు ఎక్కడ వేయాలో చూపే తొలి బొమ్మ) మీద 3డీ టీఓఎఫ్ (టైమ్ ఆఫ్ ఫ్లైట్) వేయండి. మూడు, నాలుగు నిమిషాల పని. ఇందులో రక్తం తెల్లగా వస్తుంది, ధమని ఎక్కడ చీలిందో స్పష్టంగా తెలుస్తుంది. మిగిలిన అన్ని సిరీస్‌లకూ ఇదే కొలబద్ద, కాబట్టి ఇందులో కదలిక ఉంటే వెంటనే మళ్లీ తీయండి. సిరల సిగ్నల్ రాకుండా పైన సాచురేషన్ బ్యాండ్ (ఆ చోటి సిగ్నల్‌ను ముందే చంపేసే పట్టీ) పెట్టడం మర్చిపోకండి.

6. టీ1 బ్లాక్ బ్లడ్: అసలు పని ఇదే

రెండు దారులున్నాయి, మీ మిషన్‌ను బట్టి ఎంచుకోండి.

*3డీ దారి.* కరోనల్ స్లాబ్, రెండు పక్కల కెరోటిడ్‌లూ లోపలికి వచ్చేలా. 3 టెస్లాలో 0.6 మి.మీ., 1.5 టెస్లాలో 0.7 నుంచి 0.8 మి.మీ. ఐసోట్రోపిక్ (మూడు దిశల్లోనూ ఒకే కొలత). ఫ్యాట్ సప్రెషన్ తప్పనిసరి. గేటింగ్ (గుండె కొట్టుకునే వేళకు కలిపి తీయడం) అక్కర్లేదు. పక్షవాతం కేసుల్లో గుండె లయ తప్పినవాళ్లు చాలామంది ఉంటారు, వాళ్లకు ఈ దారే మేలు. ఐదు నుంచి ఏడు నిమిషాలు పడుతుంది.

*2డీ దారి.* డబుల్ ఐఆర్, 2 మి.మీ. స్లైస్, గ్యాప్ లేకుండా, చీలికకు పైనా కిందా కలిపి 16 స్లైసులు. అంటే 32 మి.మీ. కవరేజ్. ఎఫ్ఓవీ (బొమ్మ కవర్ చేసే వెడల్పు) 14 నుంచి 16 సెం.మీ., మాట్రిక్స్ 256. పిక్సెల్ 0.55 నుంచి 0.63 మి.మీ. దాకా వస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. కన్సోల్ మీద ఇంటర్పొలేషన్ ఆన్ చేస్తే పిక్సెల్ 0.3 అని చూపిస్తుంది. అది లెక్కలో వచ్చిన 0.3, కొలిచింది కాదు. బొమ్మ నునుపుగా కనపడుతుందే తప్ప అదనపు వివరం ఏమీ రాదు. రిపోర్టులో అసలు కొలతే రాయండి. నిజంగానే 0.3 కావాలని మాట్రిక్స్ 512 చేస్తే 1.5 టెస్లాలో సిగ్నల్ పడిపోయి ఇసుక చల్లినట్టు వస్తుంది.

డబుల్ ఐఆర్‌లో టీఐ (ఇన్వర్షన్ పల్సు తర్వాత ఆగే సమయం) సరిగ్గా పెట్టడమే కీలకం. రక్తం సిగ్నల్ సున్నా అయ్యే క్షణంలోనే బొమ్మ తీయాలి. 1.5 టెస్లాలో, గుండె నిమిషానికి 75 సార్లు కొట్టుకుంటూ, రెండు బీట్లకు ఒకసారి తీస్తుంటే అది 580 నుంచి 600 మిల్లీసెకన్ల దగ్గర ఉంటుంది. ప్రతి బీట్‌కూ తీస్తే 350 లోపుకు వచ్చేస్తుంది. చాలా మిషన్లు దీన్ని వాటంతట అవే లెక్కేస్తాయి, కానీ పేషెంట్ భయపడి గుండె వేగం మధ్యలో 75 నుంచి 100కు పోతే ఆ లెక్క తప్పుతుంది. స్కాన్ మొదలయ్యేముందు వేగం చూసి, అయ్యాక మళ్లీ చూడండి.

సిరీస్‌ను రెండు యావరేజ్‌లతో ఒకే స్కాన్‌గా వేసే బదులు, ఒక్కో యావరేజ్ చొప్పున రెండు స్కాన్‌లుగా వేయండి. ఒకదాంట్లో గుటక పడినా రెండోది మిగులుతుంది. రెండూ బాగుంటే తర్వాత కలుపుకోవచ్చు.

7. రక్తస్రావం కోసం ఎంపీరేజ్

సమయం చాలక ఒక్క అదనపు సీక్వెన్సే వేయగలిగితే నేను ఎంచుకునేది ఇదే. టీ1 బరువు (వెయిటింగ్) బాగా ఎక్కువ పెట్టిన ఈ సీక్వెన్స్‌లో గోడ లోపలి రక్తస్రావం తెల్లగా మెరుస్తుంది, పారే రక్తం, కొవ్వు అణిగిపోతాయి. మూడు, నాలుగు నిమిషాలు చాలు. టీఓఎఫ్‌లో కూడా అదే చోట తెల్లగా ఉంటే అనుమానం బలపడుతుంది. అడిగినవాళ్లందరికీ చెప్పేది ఒకటే: టీఓఎఫ్, టీ1 బ్లాక్ బ్లడ్, ఎంపీరేజ్, ఈ మూడూ శుభ్రంగా తీస్తే, కదిలిన ఏడు సిరీస్‌ల కన్నా డాక్టరుకు ఎక్కువ పనికొస్తాయి.

8. టీ2

పేషెంట్ ఇంకా ఓపికగా ఉంటే టీ1 తీసిన అవే స్థానాల్లో, అదే మందంతో తీయండి. స్థానం కాపీ చేసి అతికించండి, చేత్తో మళ్లీ గీయకండి.

9. కాంట్రాస్ట్, అడిగితేనే

కొవ్వు గుజ్జుకు, దాని మీది పీచు పొరకు తేడా తెలియాలన్నా, వాపు చూడాలన్నా కాంట్రాస్ట్ మందు గాడోలినియం పనికొస్తుంది. రక్తస్రావం ఉందా లేదా అన్నది మాత్రమే ప్రశ్న అయితే అక్కర్లేదు. అలవాటుగా అందరికీ ఎక్కించడం నాకు నచ్చదు. ఈ పేషెంట్లలో చాలామంది సుగర్, బీపీ ఉన్న పెద్దవాళ్లు, కిడ్నీలు ముందే దెబ్బతిని ఉండొచ్చు. ఈజీఎఫ్ఆర్ (క్రియాటినిన్ నుంచి లెక్కేసే కిడ్నీ వడపోత వేగం) 30 కన్నా తక్కువ ఉంటే రేడియాలజిస్టు చెప్పకుండా సిరంజి పట్టుకోకండి.

మోతాదు కిలోకు 0.1 మిల్లీమోల్. ఇక్కడే పొరపాటు జరిగేది: చాలా మందులు 0.5 మోలార్, గాడోబ్యూట్రాల్ మాత్రం 1 మోలార్. 60 కిలోల మనిషికి మొదటి రకం 12 మి.లీ., గాడోబ్యూట్రాల్ అయితే 6 మి.లీ. స్టోర్స్‌వాళ్లు బ్రాండ్ మార్చిన రోజున సీసా మీద బలం చదవకపోతే డోసు రెట్టింపు అవుతుంది.

ఇంజెక్షన్ ఇచ్చి ఐదు నిమిషాలు ఆగి, ముందు తీసిన టీ1నే అదే సెట్టింగ్‌లో మళ్లీ తీయండి. డబుల్ ఐఆర్ వాడేవాళ్లు జాగ్రత్త. గాడోలినియం కలిసిన రక్తం చాలా త్వరగా కోలుకుంటుంది, పాత టీఐతో అది నల్లబడదు. ఈ ఇబ్బంది కోసమే 2002లో యార్నిఖ్, యువాన్ క్వాడ్రపుల్ ఐఆర్ అనే పద్ధతి ఇచ్చారు. మీ మిషన్‌లో అది లేకపోతే ముందు, తర్వాత రెండూ 3డీలోనే తీయండి.

10. పేషెంట్ బల్ల మీద ఉండగానే చూడండి

దించాక కనిపెట్టిన తప్పుకు మందు లేదు. ఉదయగిరి నుంచో మార్కాపురం నుంచో బస్సులో వచ్చిన మనిషిని మళ్లీ రమ్మనడం అంటే వాళ్లకు ఒక రోజు కూలి పోయినట్టే. ప్రతి సిరీస్ అయిన వెంటనే, తర్వాతిది నడుస్తుండగా, ఇవి చూసుకోండి:

- బ్లాక్ బ్లడ్ సిరీస్ అయితే, చీలికకు కింద, కామన్ కెరోటిడ్‌లో లోపలి దారి పూర్తిగా నల్లగా ఉందా?
- గోడ లోపలి అంచు, బయటి అంచు రెండూ తెగకుండా చుట్టూ కనపడుతున్నాయా?
- మెడ పక్కన కొవ్వు రెండు వైపులా సమానంగా అణిగిందా?
- అనుమానమున్న పక్క ధమని చీలే చోటు కవరేజ్ మధ్యలోనే ఉందా?
- ఫేజ్ దిశలో ధమని నీడలు పక్కకు పడి గోడ మీదికి వస్తున్నాయా?

మొదటి రెండింట్లో ఏది కాదన్నా మళ్లీ తీయండి. వెంట వచ్చినవాళ్లు అద్దం దగ్గరికి వచ్చి "ఏమన్నా ఉందా సార్?" అని అడుగుతారు. "డాక్టరు గారు చూసి చెప్తారమ్మా" అని అక్కడితో ఆపండి. కానీ స్కాన్ మధ్యలో మాట తడబడినా, చెయ్యి బలం తగ్గినా స్కాన్ ఆపేసి వెంటనే డాక్టరును పిలవండి.

ఎక్కువగా జరిగే తప్పులు

*నెమ్మది రక్తాన్ని మచ్చ అనుకోవడం.* ఇదే అన్నిటికంటే ప్రమాదకరం. ధమని చీలేముందు ఉబ్బుగా ఉండే చోట, అంటే బల్బ్‌లో, రక్తం సుడి తిరుగుతుంది. వేగంగా పోకపోతే అది నల్లబడదు, గోడకు ఆనుకుని బూడిదరంగు పట్టీలాగా నిలుస్తుంది. అచ్చం మచ్చలాగే ఉంటుంది. కనిపెట్టే పద్ధతి: డాంటే, ఎంఎస్‌డీఈ లాంటి ఫ్లో సప్రెషన్ ఆప్షన్ మీ మిషన్‌లో ఉంటే అది ఆన్ చేసి ఆ సిరీస్ ఒక్కటే మళ్లీ తీయండి. కాస్త సిగ్నల్ పోతుంది, పర్వాలేదు. మాయమైతే రక్తం, నిలబడితే గోడ. ఆ ఆప్షన్ లేకపోతే గేటింగ్ ఆలస్యాన్ని మార్చి తీయండి, బూడిదరంగు ఆకారం మారితే అది రక్తమే. ఏదీ కుదరకపోతే అనుమానం ఉందని నోట్‌లో రాయండి.

*ఏటవాలు కోత.* మునక్కాయను అడ్డంగా కోస్తే తొక్క సన్నని ఉంగరంలా కనపడుతుంది, ఏటవాలుగా కోస్తే అదే తొక్క మందంగా అవుతుంది. ధమని కూడా అంతే. పెద్దవాళ్లలో కెరోటిడ్ మెలికలు తిరిగి ఉంటుంది. 2డీలో స్లైస్‌ను ధమనికి నిటారుగా వంచండి. 3డీలో అయితే ఎంపీఆర్‌లో (3డీ డేటాను కావాల్సిన కోణంలో కోసి చూపేది) ధమని వెంబడి తిప్పుకుని కొలవండి. కొలిచే ముందు లోపలి దారి గుండ్రంగా ఉందో లేదో చూడండి. కోలగా ఉంటే చాలావరకు కోణమే తప్పు.

*కొవ్వు అణగకపోవడం.* ధమని చుట్టూ ఉన్న కొవ్వు తెల్లగా మిగిలితే గోడ బయటి అంచు ఎక్కడో తెలియదు. ఒక పక్క గోడ మందంగా, ఎదురు పక్క పల్చగా కనపడితే కెమికల్ షిఫ్ట్‌ను (కొవ్వు సిగ్నల్ నీటి సిగ్నల్ నుంచి పక్కకు జరగడం) కూడా అనుమానించండి. షిమ్ బాక్స్‌ను (అయస్కాంత క్షేత్రాన్ని సమం చేసే చోటు) మెడకే పరిమితం చేయండి, ఊపిరితిత్తులను, గడ్డం కింది గాలిని అందులోకి రానివ్వకండి. బ్యాండ్‌విడ్త్ పెంచండి. అయినా కుదరకపోతే మెడలో లోహం ఏమన్నా మిగిలిందేమో మళ్లీ వెతకండి, తొంభై పాళ్లు ఆ పిన్నీసే.

*సున్నాన్ని రక్తప్రవాహం అనుకోవడం.* గోడలో గట్టిపడ్డ సున్నం అన్ని సీక్వెన్స్‌ల్లోనూ నల్లగా ఉంటుంది. లోపలి అంచున ఉంటే బ్లాక్ బ్లడ్ బొమ్మలో నల్లటి రక్తంతో కలిసిపోతుంది, దారి నిజంగా ఉన్నదానికంటే వెడల్పుగా కనపడుతుంది. పక్కన టీఓఎఫ్ పెట్టుకుని చూడండి. అందులో రక్తం తెల్లగా, సున్నం నల్లగా ఉంటుంది కాబట్టి విడిపోతాయి. పాత సీటీ ఉంటే ఇంకా మంచిది.

*ఎంపీరేజ్‌లో ప్రతి తెలుపునూ రక్తస్రావం అనడం.* పక్కనున్న మెడ కండరం, అంటే స్టెర్నోక్లీడోమాస్టాయిడ్ మీద ఒక ఆర్ఓఐ (సిగ్నల్ విలువ కొలిచే చిన్న వలయం), మచ్చ మీద ఒక ఆర్ఓఐ పెట్టి విలువలు చూడండి. మచ్చ విలువ కండరం విలువకు ఒకటిన్నర రెట్లు దాటితేనే రక్తస్రావం అని లెక్క వేస్తారు. సర్ఫేస్ కాయిల్‌లో చర్మానికి దగ్గరున్నదంతా ఎక్కువ తెల్లగా వస్తుంది కాబట్టి రెండు ఆర్ఓఐలూ దాదాపు ఒకే లోతులో ఉండాలి. విలువలు రాసి పెట్టండి, తీర్పు రేడియాలజిస్టుది.

సిరీస్‌లు పక్కపక్కన పెట్టి సరిచూసుకోవడానికి

రక్తస్రావం: టీ1లో, ఎంపీరేజ్‌లో, టీఓఎఫ్‌లో తెలుపు. కొవ్వు గుజ్జు: టీ1లో గోడతో సమానంగా లేదా కాస్త తెల్లగా, టీ2లో నలుపు వైపుకు, కాంట్రాస్ట్ తీసుకోదు. పీచు పొర: కాంట్రాస్ట్ తీసుకుని తెల్లబడుతుంది. సున్నం: అన్నిట్లో నలుపు. మీరు తీసిన సిరీస్‌లలో ఒక చోటు ఈ నాలుగింట్లో దేనికీ సరిపడకపోతే, ముందు సిరీస్‌ల మధ్య పేషెంట్ కదిలాడేమో చూడండి. స్లైసు రెండు మి.మీ. జరిగితే చాలు, ఈ లెక్కంతా తారుమారవుతుంది.

తల లోపలి ధమనులు అడిగితే

మన దేశంలో తల లోపలి ధమనుల ఇరుకు కూడా ఎక్కువే, కాబట్టి ఈ చీటీలు కూడా వస్తాయి. ఆ గోడ ఇంకా సన్నం. 3 టెస్లాలో 0.5 మి.మీ. దగ్గర 3డీ టీ1, కాంట్రాస్ట్‌కు ముందు ఒకటి, తర్వాత ఒకటి తీయాలి. 1.5 టెస్లాలో ఇది చేయమంటే, చేయగలమని మాట ఇవ్వకండి. చెన్నైకో తిరుపతికో పంపడం పేషెంట్‌కే మేలు. చిన్న వయసు ఆడపిల్లలకు చేతి నాడి అందక పంపితే టకయాసు (పెద్ద ధమనుల గోడ వాచే జబ్బు) అనుమానం ఉండొచ్చు. అప్పుడు మెడతో ఆగకుండా గుండె దగ్గరి ఆర్చ్ (మహాధమని వంపు) దాకా కవర్ చేయాలి, ఎంతవరకు కావాలో డాక్టరును అడగండి.

పంపేటప్పుడు

ఫిల్మ్ మీద ఇరవై బొమ్మలు అచ్చు వేసి కవర్‌లో పెట్టి ఇవ్వడం మన వైపు అలవాటు. ఈ స్టడీకి అది సరిపోదు, అర మిల్లీమీటరు తేడాలు ఫిల్మ్ మీద కనపడవు. 3డీ డేటా మొత్తం, విడదీయకుండా, సీడీలోకి ఎక్కించండి. సిరీస్ పేర్లు "టీ1 ముందు", "టీ1 కాంట్రాస్ట్ తర్వాత 5 నిమిషాలు" అన్నట్టు అర్థమయ్యేలా మార్చండి. ఏ పక్క అనుమానం, ఏ సిరీస్‌లో గుటక పడింది, ఏది మళ్లీ తీశారు, ఏ మందు ఎన్ని మి.లీ. ఇచ్చారు అన్నది చిన్న కాగితం మీద రాసి రేడియాలజిస్టుకు పంపండి. ప్రొటోకాల్ సేవ్ చేసేటప్పుడు పేరులో 1.5 లేదా 3 అని, వాడిన కాయిల్ పేరు చేర్చండి. లేదంటే వచ్చే నెల డ్యూటీలో ఉన్న వేరేవాళ్లు మోకాలి ప్రొటోకాల్‌తోనే మొదలుపెడతారు.